కెనడా ప్రావిన్స్ నామినేషన్: దరఖాస్తు మీ పేరు మీదా, మీ భార్య పేరు మీదా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బీటెక్ మెకానికల్ చదివాను. వాహనాల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా క్వాలిటీ ఇంజినీర్‌గా చేస్తున్నాను. నా భార్యకు 31, బీఎస్సీ నర్సింగ్ చదివి ఆరేళ్లుగా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉంది. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో నాకు లిజనింగ్ 7.5, రీడింగ్ 6.5, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7 వచ్చాయి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ స్కోరు 335 దగ్గర ఆగిపోయింది. మా అన్నయ్య బ్రాంప్టన్‌లో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) మీద ఉన్నాడు. నా భార్య క్లాస్‌మేట్ ఒకామె మూడేళ్లుగా విన్నిపెగ్‌లో ఉంటోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు సస్కాచెవాన్‌లో జాబ్ లెటర్ ఇప్పిస్తామని, నామినేషన్ గ్యారంటీ అని, తొమ్మిది లక్షలు అవుతుందని అంటున్నారు. పీఆర్ చేతికొచ్చాక అన్నయ్య దగ్గరికి వెళ్లిపోవచ్చట. ఏ ప్రావిన్స్ సులువు? డబ్బు కట్టమంటారా?

సమాధానం: డబ్బు కట్టకండి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, వాళ్ల దగ్గరున్న మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందు వెనక్కి తెచ్చుకోండి. ఎందుకో కింద చెబుతాం.

ఏ ప్రావిన్స్ సులువని అడిగారు. దానికన్నా ముందు తేలాల్సింది ఇంకొకటుంది. నామినేషన్ అంటే ఒక ప్రావిన్స్ (అక్కడి రాష్ట్రం) ప్రభుత్వం కెనడా కేంద్రానికి ‘ఈ మనిషి పని మాకు కావాలి, ఈ మనిషి మా దగ్గరే ఉంటాడని నమ్ముతున్నాం’ అని చెప్పడం. అందులో ఉన్నవి రెండే సంగతులు: అవసరం, నమ్మకం. మీ ఇంట్లో ఆ అవసరం ఎక్కువగా ఉన్నది మీ భార్య పనికి. మీరు ఉత్తరమంతా మీ స్కోరు చుట్టూ రాశారు. ఆమె గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

ముందు లెక్క చూద్దాం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అంటే వయసు, చదువు, ఇంగ్లిష్ లాంటి వాటికి పాయింట్లు వేసి, అప్పుడప్పుడూ తీసే డ్రాల్లో ఎక్కువ స్కోరున్న వాళ్లను పీఆర్‌కు దరఖాస్తు పెట్టమని కెనడా కేంద్రం పిలిచే పద్ధతి. మీ 335 ఎలా వచ్చిందంటే: వయసుకు 75, బీటెక్‌కు 112, ఇంగ్లిష్‌కు 95, చదువూ అనుభవమూ ఇంగ్లిష్‌తో కలిపి చూసినందుకు 38, కెనడాలో అన్నయ్య ఉన్నందుకు 15. భార్య వైపు నుంచి సున్నా, ఎందుకంటే ఆమె పరీక్ష రాయలేదు, డిగ్రీ మదింపు చేయించలేదు. మీకు 35 నిండిన రోజున ఇందులో ఐదు పోతాయి. మీరు మళ్లీ రాసి లిజనింగ్ 8, మిగతా మూడూ 7 తెచ్చుకుంటే, అంటే కెనడా భాషా స్థాయి కొలత సీఎల్‌బీలో 9 అందుకుంటే, ఇంగ్లిష్‌కు 21, కలిపి చూసే చోట 37, మొత్తం 58 పెరిగి 393 అవుతుంది. లిజనింగ్‌లో అర బ్యాండు, రీడింగ్‌లో అర, రైటింగ్‌లో అర. మీకూ ఆ 58 పాయింట్లకూ మధ్య ఉన్న దూరం అంతే. ఈ మూడు అర బ్యాండ్ల విలువ తెలియక డబ్బు పోసే వాళ్లు చాలామంది.

ఇప్పుడు మీ భార్యను ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టి చూడండి. వయసు 31కి 90, డిగ్రీకి 112. ఆమె అన్ని విభాగాల్లో సీఎల్‌బీ 9 తెచ్చుకుంటే ఇంగ్లిష్‌కు 116, కలిపి చూసే చోట 75. భర్తగా మీ డిగ్రీకి 8, మీ పాత ఐఈఎల్‌టీఎస్‌కే 14. అన్నయ్య మీ అన్నయ్యే అయినా ఆ 15 ఆమెకూ వస్తాయి, తోబుట్టువు దంపతుల్లో ఎవరి వైపు వారైనా సరే. మొత్తం 430. సీఎల్‌బీ 8తో ఆగిపోయినా 365, అంటే మీ ఇప్పటి స్కోరుకన్నా ఎక్కువే. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోకి రావడానికి అభ్యర్థి ముందుగా దాటాల్సిన ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ 67 పాయింట్ల గీత (అది వేరే లెక్క) కూడా ఆమె తేలిగ్గా దాటుతుంది.

430తో మామూలు డ్రాలో పిలుపు రాదు. ఇటీవలి ఏళ్లలో అవి 500 పైనే ఆగుతున్నాయి. అయితే నర్సులకు రెండు తలుపులున్నాయి. ఒకటి, 2023 నుంచి కేంద్రం ఆరోగ్య రంగానికి విడిగా డ్రాలు తీస్తోంది, వాటి కటాఫ్ సాధారణంగా మిగతా వాటికన్నా కిందికి ఉంటుంది. రెండోది ప్రావిన్స్ నామినేషన్. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో ముడిపడిన నామినేషన్ దొరికితే 600 పాయింట్లు కలుస్తాయి. 430 కాస్తా 1,030 అవుతుంది. 365 అయినా 965. అక్కడి నుంచి కటాఫ్ గురించి బెంగపడక్కర్లేదు.

నామినేషన్లు రెండు రకాలని కూడా తెలుసుకోండి. పైన చెప్పింది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్‌కు జతయ్యేది. రెండోది బేస్ నామినేషన్. దానికి పూల్‌తో, అంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అభ్యర్థుల జాబితాతో, పని లేదు, పీఆర్ పోర్టల్‌లో విడిగా దరఖాస్తు పెట్టాలి. 600 పాయింట్ల మాటా ఉండదు, సమయమూ చాలా ఎక్కువ పడుతుంది. ప్రావిన్స్ వెబ్‌సైట్‌లో స్ట్రీమ్ (దరఖాస్తు విభాగం) పేరు చూడగానే అది ఏ రకమో ముందు తేల్చుకోవాలి. నామినేషన్ కార్యక్రమం నడుపుతున్నవి మొత్తం పదకొండు ప్రావిన్సులు, టెరిటరీలు. క్యూబెక్‌ది వేరే పద్ధతి, నునావుట్‌లో ఈ కార్యక్రమమే లేదు.

కోటా సంగతి కూడా తెలిస్తేనే ఎవరిని పిలుస్తున్నారో అర్థమవుతుంది. ఈ కార్యక్రమం కింద 2024కు కేంద్రం పెట్టుకున్న లక్ష్యం 1,10,000 మంది. 2025కు దాన్ని సగానికి, 55,000కు తగ్గించారు. ఒంటారియో వాటా 21,500 నుంచి 10,750కి, మానిటోబా వాటా 9,500 నుంచి 4,750కి పడిపోయాయి. 2026కు మళ్లీ 91,500కు పెంచారు. చేతిలో ఉన్నవి తక్కువైనప్పుడు ప్రావిన్సులు వాటిని ముందు తమ దగ్గరే పనిచేస్తున్న వాళ్లకూ, తర్వాత ఆరోగ్యం, నిర్మాణం లాంటి కరువున్న రంగాలకూ ఖర్చు పెట్టాయి. బయటి నుంచి, ఉద్యోగం చేతిలో లేకుండా, ఫ్యాక్టరీ ఇంజినీర్‌గా దరఖాస్తు పెడితే మీరు నిలబడేది వరస చివర. నర్సు నిలబడేది ముందు వైపు. ఇందులో మీ ప్రతిభను తక్కువ చేసేదేమీ లేదు. అక్కడి ఖాళీలు అలా ఉన్నాయి.

నర్సు దారిలో ఒక పెద్ద మెట్టు ఉంది: లైసెన్స్. డిగ్రీ ఉన్నంత మాత్రాన కెనడాలో నర్సుగా పనిచేయనివ్వరు. ప్రతి ప్రావిన్స్‌కూ తన నర్సింగ్ కాలేజ్ ఉంటుంది. అది చదువు చెప్పే కాలేజీ కాదు, లైసెన్స్ ఇచ్చే మండలి. కొన్ని మండళ్లు ముందు ఎన్‌నాస్ అనే జాతీయ మదింపు అడుగుతాయి, కొన్ని నేరుగా తీసుకుంటాయి. తర్వాత ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్ష ఇండియాలోనే రాయొచ్చు. నోవా స్కోషియా మండలి 2023లో భారత్ సహా ఏడు దేశాల్లో రిజిస్టరై ఉన్న నర్సులకు దారి బాగా కుదించింది. రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉండి ఎన్‌క్లెక్స్ పాసైతే పాత పద్ధతిలోలాగా ఏళ్ల తరబడి కాగితాల చుట్టూ తిరగనక్కర్లేదు. ఆమె రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉందో లేదో ఇవాళే చూడండి. అది చెల్లిపోయి ఉంటే మిగతా పని మొదలే కాదు. నర్సుల కోసం పెట్టిన ప్రావిన్స్ స్ట్రీముల్లో చాలా వాటికి లైసెన్స్ గానీ, ఆసుపత్రి ఇచ్చే ఉద్యోగం గానీ, రెండూ గానీ కావాలి. అందుకే ఎన్‌క్లెక్స్ పాసైన నర్సు ప్రొఫైల్‌కూ, ఇంకా మొదలుపెట్టని నర్సు ప్రొఫైల్‌కూ స్కోరు ఒకటే ఉన్నా ఫలితం ఒకటే ఉండదు.

ఇక్కడ జనం రెండు చోట్ల పప్పులో కాలేస్తారు. ఎన్‌నాస్ మదింపు లైసెన్స్ కోసం. ఇమ్మిగ్రేషన్ అడిగే ఈసీఏ, అంటే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ ఇచ్చే డిగ్రీ మదింపు, అది వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకండి, మండలి ఎన్‌నాస్ అడిగితే రెండూ కావాలి. అలాగే నర్సింగ్ మండలి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అడగొచ్చు. ఇమ్మిగ్రేషన్ మాత్రం జనరల్ ట్రైనింగ్‌నే ఒప్పుకుంటుంది. అకడమిక్‌లో ఎనిమిది వచ్చినా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో దానికి విలువ లేదు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ ఆమెకు కొరుకుడు పడకపోతే పీటీఈ కోర్ అనే ఇంకో ఇంగ్లిష్ పరీక్ష చూడండి, 2024 జనవరి నుంచి దాన్నీ తీసుకుంటున్నారు. పీటీఈ అకడమిక్ కాదు, కోర్.

ఇప్పుడు విన్నిపెగ్ (మానిటోబా), బ్రాంప్టన్ (ఒంటారియో). మీ కథలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే.

మానిటోబా బయటి నుంచి వచ్చే వాళ్లను ‘మా ప్రావిన్స్‌తో మీకేం సంబంధం’ అని అడుగుతుంది. అక్కడ దగ్గరి బంధువు ఉండాలి, లేదా స్నేహితులు ఉండాలి, లేదా అక్కడ చదివి గానీ పనిచేసి గానీ ఉండాలి, లేదంటే ఆ ప్రావిన్స్ తానే ప్రత్యేకంగా పిలవాలి. మీ భార్య క్లాస్‌మేట్ పీఆర్ గానీ పౌరసత్వం గానీ ఉన్నామె అయితే, మానిటోబాలో కనీసం ఏడాదిగా ఉంటూ ఉంటే, స్నేహితురాలిగా మద్దతు ఇవ్వొచ్చు. వర్క్ పర్మిట్ మీదో స్టూడెంట్ వీసా మీదో ఉంటే కుదరదు. మద్దతంటే ఒక మెయిల్ కాదు, సెటిల్‌మెంట్ ప్లాన్‌లో, అంటే అక్కడ ఎలా స్థిరపడతారో చెప్పే ఫారంలో, ఆమె నింపాల్సిన భాగం ఉంటుంది: మీరు వచ్చాక ఎలా సాయపడతారు, మీ పరిచయం ఎప్పటిది, ఎలాంటిది అని. ఇద్దరూ రాసినవి ఒకదానితో ఒకటి సరిపోవాలి. క్లాస్‌మేట్ అంటే పాత ఫొటోలు, ఒకే బ్యాచ్ మార్కుల జాబితాలు, ఏళ్లుగా నడిచిన మెసేజ్‌లు ఉంటాయి. అవి దాచి పెట్టుకోండి. ఆమె స్నేహం మీ భార్యతో కాబట్టి ఇక్కడ కూడా దరఖాస్తు మీ భార్య పేరు మీద ఉండటమే అన్ని విధాలా నయం.

ఇదే ఫారంలో ఇతర ప్రావిన్సుల్లో ఉన్న బంధువుల గురించి కూడా అడుగుతారు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 15 పాయింట్లు తెచ్చిపెట్టిన అన్నయ్యే మానిటోబా అధికారికి అనుమానంగా కనిపిస్తాడు. మానిటోబాతో బంధం ఇంకో ప్రావిన్స్‌తో ఉన్న బంధంకన్నా బలంగా ఉందని మీరు చూపించాలి. వేరే ప్రావిన్స్‌లో చదివినా, పనిచేసినా, అంతకుముందు వేరే ప్రావిన్స్‌కు దరఖాస్తు పెట్టినా అక్కడ మార్కులు తగ్గుతాయి. అందుకని అన్నయ్యను దాచేద్దామా అనిపిస్తుంది. అస్సలు వద్దు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఆయన పేరు చూపి, మానిటోబా ఫారంలో ఖాళీ వదిలేస్తే రెండు కాగితాలూ ఒకదానితో ఒకటి పొసగవు. ఉన్నది ఉన్నట్టు రాసి, అన్నయ్య ఉన్నా విన్నిపెగ్ ఎందుకో సెటిల్‌మెంట్ ప్లాన్‌లో చెప్పాలి.

అది ఎలా చెప్పాలో కొంచెం దగ్గరగా చూద్దాం. ‘మానిటోబా ప్రశాంతమైన, అందమైన ప్రావిన్స్, ఇక్కడ అనేక సంస్కృతులు ఉన్నాయి’ అని రాసిన కాగితాలు అధికారి రోజూ చూస్తాడు. దాంతో ఏమీ తేలదు. మీ భార్య రాయాల్సింది ఇలాంటిది: మానిటోబా నర్సింగ్ మండలికి ఫలానా తేదీన దరఖాస్తు పెట్టాను, ఇప్పుడు ఫలానా దశలో ఉంది, ఎన్‌క్లెక్స్ ఫలానా నెలలో రాస్తాను. లైసెన్స్ వచ్చేలోపు చేయగలిగిన పని ఇది, ఈ ప్రకటనలు చూశాను. విన్నిపెగ్‌లో రెండు గదుల ఇంటి అద్దె ఇంత, మేం తెచ్చే డబ్బు ఇన్ని నెలలకు సరిపోతుంది. బాబును బడిలో చేర్చేది ఈ ప్రాంతంలో. భర్త అన్నయ్య ఒంటారియోలో ఉన్నారు, కానీ మొదటి రెండు నెలలు మాకు చోటు ఇస్తున్నది ఈ స్నేహితురాలు, ఆమె కూడా ఇదే వృత్తిలో ఉంది. ఇలా తేదీలతో, లెక్కలతో రాసిన ప్లాన్ చదివితే మనిషి నిజంగానే అక్కడికి వెళ్లబోతున్నాడని తెలుస్తుంది. నిజంగా ఆలోచించిన వాళ్లే ఇలా రాయగలరు, అధికారులు వెతికేది కూడా దాన్నే.

పీఆర్ వచ్చాక బ్రాంప్టన్ వెళ్లిపోవచ్చా? కన్సల్టెన్సీ చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది కాబట్టి సూటిగా చెబుతాం. కెనడా హక్కుల చార్టర్ ఆరో సెక్షన్ ప్రకారం పౌరులకూ, శాశ్వత నివాసులకూ ఏ ప్రావిన్స్‌లోనైనా ఉండే, పని చేసుకునే హక్కు ఉంది. నామినేట్ చేసిన ప్రావిన్స్ మిమ్మల్ని కాళ్లు కట్టేసి ఉంచలేదు. అయితే నామినీకి పీఆర్ ఇవ్వడానికే ఆ ప్రావిన్స్‌లో నివసించే ఉద్దేశం ఉండాలని నిబంధన. దరఖాస్తు పెట్టే రోజునే మనసులో బ్రాంప్టన్ పెట్టుకుని విన్నిపెగ్ అని సంతకం చేస్తే అది తప్పుడు సమాచారం. ఇమ్మిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ కింద ఐదేళ్లు కెనడా తలుపు మూసేస్తారు, పీఆర్ వచ్చాక బయటపడితే అసలుకే ఎసరు. విమానం దిగిన చోట అధికారి ‘ఎక్కడికి వెళ్తున్నారు’ అని అడుగుతాడు. టికెట్ టొరంటోకి, చిరునామా అన్నయ్యది, నామినేషన్ మానిటోబాది అయితే జవాబు మీ నోటి నుంచి రావడం కష్టం. వెళ్లి, నిజంగా ఉండి, పని వెతికి, బతుకుతెరువు కోసం తర్వాతెప్పుడో మారడం వేరే సంగతి. అలాంటప్పుడు అద్దె ఒప్పందం, ఉద్యోగాలకు పెట్టిన దరఖాస్తులు, వాళ్లిచ్చిన జవాబులు భద్రంగా ఉంచుకోవాలి. ఒకవేళ మీ మనసు నిజంగా బ్రాంప్టన్‌లోనే ఉంటే ఒంటారియో స్ట్రీములనే చూడండి. పోటీ ఎక్కువే, కానీ రాసేది నిజం అవుతుంది.

ఇక తొమ్మిది లక్షల జాబ్ లెటర్. ఉద్యోగం ఆఫర్‌కు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఇచ్చే అదనపు పాయింట్లను 2025 మార్చి 25 నుంచి తీసేశారు. కాబట్టి ఆ లెటర్ వల్ల మీ స్కోరు ఒక్క పాయింటు కూడా పెరగదు. దానికి విలువ ఉండేది ఆఫర్ అడిగే ప్రావిన్స్ స్ట్రీములో మాత్రమే, అదీ నిజమైనదైతేనే. సస్కాచెవాన్‌లో యజమాని ముందుగా ప్రావిన్స్ దగ్గర నమోదై, ఆ ఉద్యోగానికి జాబ్ అప్రూవల్ తెచ్చుకోవాలి. లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టినంత మాత్రాన సరిపోదు. అధికారులు యజమానికి ఫోన్ చేస్తారు. జీతం, పనిగంటలు, మిమ్మల్ని ఎలా ఇంటర్వ్యూ చేశారు అని అడుగుతారు. మీరు ఎప్పుడూ మాట్లాడని యజమాని మీ గురించి ఏం చెబుతాడు? ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం సస్కాచెవాన్ చట్టం ప్రకారం నేరం. వాళ్లు దొరికితే జరిమానా కట్టి పక్క వీధిలో ఇంకో బోర్డు పెట్టుకుంటారు, ఐదేళ్ల నిషేధం పడేది మీ పాస్‌పోర్ట్ మీద.

నామినేషన్ గ్యారంటీ అన్న మాటే చాలు, వాళ్లను వదిలేయడానికి. ప్రావిన్స్ అధికారి తప్ప ఎవరూ అది ఇవ్వలేరు. సాయం కావాలంటే తీసుకోండి, తప్పు లేదు. డబ్బు తీసుకుని మీ తరఫున దరఖాస్తు నడిపే హక్కు కెనడా లాయర్లకూ, పారాలీగల్స్‌కూ, క్యూబెక్ నోటరీలకూ, ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజ్ లైసెన్స్ ఉన్న వాళ్లకూ మాత్రమే ఉంది. ఆ కాలేజ్ వెబ్‌సైట్‌లో అందరి పేర్లూ ఉంటాయి, పేరు కొట్టి లైసెన్స్ నడుస్తోందో సస్పెండ్ అయిందో చూడొచ్చు. తర్వాత ఐఎంఎం 5476 అనే ప్రతినిధి ఫారం మీద వాళ్ల పేరు, నంబరు రాసి సంతకం పెట్టమనండి. తప్పించుకుంటే అక్కడితో ఆపేయండి. ఎవరి సాయం తీసుకున్నా ప్రొఫైల్‌కు మీ మెయిల్, మీ పాస్‌వర్డ్ ఉండాలి. వాళ్ల మెయిల్‌తో ఖాతా తెరిస్తే గడువు చెప్పే ఉత్తరం వాళ్లకు వెళ్తుంది, మీకు తెలిసేది గడువు దాటాకే.

కాగితాల్లో ఎక్కువగా దెబ్బతినేది అనుభవ ధ్రువపత్రం. కెనడా ప్రతి పనికీ ఐదంకెల ఎన్ఓసీ నంబరు ఇస్తుంది. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు 31301 కిందికి వస్తుంది. ఆమె గత ఏడాది వార్డ్ ఇన్‌ఛార్జ్ అయి, రోజంతా డ్యూటీ చార్టులు వేయడం, మిగతా నర్సుల మీద పర్యవేక్షణే చేస్తుంటే ఆ కాలం 31300 అవుతుంది. హోదా పేరు చూసి నంబరు ఎంచుకోకూడదు, చేసిన పని చూసి ఎంచుకోవాలి. ఆ నంబరు కింద రాసిన ప్రధాన విధుల్లో ఎక్కువ భాగం ఆమె చేసి ఉండాలి. ఆసుపత్రి ఇచ్చే లెటర్‌లో ఉద్యోగం పేరు, చేరిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, ఏడాది జీతం, అలవెన్సులు, చేసిన పనులు, సంతకం పెట్టిన వారి పేరు, హోదా, ఫోన్, మెయిల్, అన్నీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. ‘ఈమె మా దగ్గర ఫలానా తేదీ నుంచి పనిచేస్తోంది, నడవడిక మంచిది’ అని రెండు లైన్లు రాసిచ్చే మామూలు సర్టిఫికెట్‌తో దరఖాస్తు తిరిగొస్తుంది. పనులు అందులో లేవు, గంటలు లేవు. పనుల జాబితాను ఎన్ఓసీ వెబ్‌సైట్ నుంచి ఉన్నదున్నట్టు దించేయడం కూడా అంతే చెడ్డది. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న రోగులను చూసుకున్నారా, ఆపరేషన్ తర్వాత వార్డులో మందులూ గాయాల డ్రెస్సింగూ చూశారా, ఆమె మాటల్లోనే రాయించండి.

హెచ్ఆర్ వాళ్లు పనుల జాబితాతో లెటర్ ఇవ్వం అంటే? చాలా చోట్ల ఇవ్వరు. అప్పుడు వాళ్లిచ్చిన మామూలు సర్టిఫికెట్‌తో పాటు, ఆమెతో పనిచేసిన పైఅధికారి నోటరీ చేయించిన అఫిడవిట్, ఆయన ఐడీ కాపీ, అపాయింట్‌మెంట్ ఆర్డర్, జీతం స్లిప్పులు, ఫామ్ 16లు, జీతం పడిన బ్యాంకు పేజీలు జతచేసి, ఇలా ఎందుకు పెడుతున్నామో ఒక పేజీ వివరణ రాయాలి. చేతికి నగదుగా జీతం ఇచ్చే చిన్న ఆసుపత్రిలో పనిచేసిన కాలం ఏదైనా ఉంటే, రుజువు లేని ఆ కాలాన్ని పాయింట్ల కోసం లెక్కలో వేసుకోకండి. ఉద్యోగ చరిత్రలో మాత్రం రాయండి. ఆమెకు మూడేళ్లు గట్టిగా రుజువైతే చాలు, అనుభవం పాయింట్లు పూర్తిగా వస్తాయి.

డబ్బు విషయం. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కింద ముగ్గురు ఉన్న కుటుంబం 2025 జూలైలో సవరించిన లెక్క ప్రకారం 23,360 కెనడా డాలర్లు చూపించాలి. ఏటా దాన్ని పెంచుతారు. బాబును వెంట తీసుకెళ్లకపోయినా ముగ్గురిగానే లెక్క. బ్యాంకు ఇచ్చే లెటర్‌లో ఖాతా తెరిచిన తేదీ, ఇప్పటి నిల్వ, ఆరు నెలల సగటు నిల్వ, మీ పేరు మీదున్న అప్పులు, అన్నీ రాయాలి. దరఖాస్తుకు వారం ముందు మామయ్య ఖాతా నుంచి పది లక్షలు వచ్చి పడితే సగటు అక్కడే పట్టిస్తుంది. ఎవరైనా నిజంగా ఇచ్చేస్తే బహుమతి పత్రం రాయించుకుని, డబ్బు వాళ్ల ఖాతాలో ఎక్కడి నుంచి వచ్చిందో కూడా జతచేయాలి. అప్పు తెచ్చిన డబ్బు చెల్లదు, ఇంటి విలువా స్థలం విలువా లెక్కలోకి రావు.

ఫీజులు 2024 ఏప్రిల్ 30 నుంచి అమలైన రేట్ల ప్రకారం పెద్దవాళ్లకు తలా 950, శాశ్వత నివాస హక్కు ఫీజు తలా 575, బాబుకు 260, బయోమెట్రిక్స్ ఇద్దరికి 170, మొత్తం 3,480 డాలర్లు. రెండేళ్లకోసారి సవరిస్తారు కాబట్టి కట్టే రోజు చూసుకోండి. ప్రావిన్స్ ఫీజు దీనికి అదనం. మానిటోబాకు 500 డాలర్లు, నోవా స్కోషియాకు ఏమీ లేదు. మీకు చెప్పిన తొమ్మిది లక్షల పక్కన ఈ అంకెలు పెట్టి చూసుకోండి.

నామినేషన్ వచ్చాక గడియారం పరుగెడుతుంది. ప్రావిన్స్ దాన్ని ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఖాతాలోకి పంపిన తర్వాత 30 రోజుల్లో మీరు ఒప్పుకున్నట్టు నొక్కాలి. ఆ తర్వాతి డ్రాలో ఆహ్వానం వస్తే పూర్తి దరఖాస్తుకు 60 రోజులు. వైద్య పరీక్ష దరఖాస్తుకు ముందే చేయించుకోవాలని 2025 ఆగస్టు 21 నుంచి నిబంధన, అదీ వాళ్ల జాబితాలో ఉన్న డాక్టర్ దగ్గరే. గత పదేళ్లలో ఆరు నెలలు గానీ అంతకు మించి గానీ వరసగా ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు క్లియరెన్స్ కావాలి. ఆమె గల్ఫ్‌లో ఏడాది పనిచేసి ఉంటే అక్కడిది తెప్పించడానికే ఎక్కువ రోజులు పడుతుంది, అది ఆహ్వానం కోసం ఆగకుండా ముందే మొదలుపెట్టాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటి పేరు ఒకలా, డిగ్రీలో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. పెళ్లి తర్వాత పేరు మార్చుకున్న నర్సులకు కౌన్సిల్ రిజిస్ట్రేషన్, మార్కుల జాబితా, పాస్‌పోర్ట్ మూడింటిలో మూడు పేర్లుండటం తరచుగా కనిపించే చిక్కు.

మధ్యలో ఇంట్లో ఏం మారినా ప్రావిన్స్‌కూ, కేంద్రానికీ చెప్పాలి. రెండో బిడ్డ పుడితే తప్పకుండా చెప్పాలి. పీఆర్ రాకముందు చూపించని కుటుంబ సభ్యుణ్ణి తర్వాత స్పాన్సర్ చేయడానికి చట్టం అడ్డుపడుతుంది. ఆలస్యమవుతుందని భయపడి బిడ్డ పుట్టిన సంగతి దాచిన వాళ్లు ఏళ్ల తరబడి ఆ బిడ్డకు దూరంగా ఉండాల్సి వచ్చింది. ఇంతకన్నా బాధ పెట్టేది ఈ వ్యవహారంలో ఇంకోటి లేదు.

ప్రావిన్స్ పిలుపు ఏడాదైనా రాకపోతే, ఆమెకు ఉద్యోగం ఇచ్చే ఆసుపత్రిని వెతకడమే దారి. అట్లాంటిక్ ప్రావిన్సులు నాలుగింటిలో ప్రభుత్వం గుర్తించిన యజమాని ఉద్యోగం ఇస్తే అట్లాంటిక్ ఇమ్మిగ్రేషన్ కార్యక్రమం ఉంది. 2025 జనవరిలో మొదలైన గ్రామీణ ఇమ్మిగ్రేషన్ పైలట్ (ప్రయోగాత్మక కార్యక్రమం)లో పద్నాలుగు ఊళ్లున్నాయి, వాటిలో మానిటోబాలోని బ్రాండన్, స్టైన్‌బాక్, ఒంటారియోలోని సడ్‌బరీ, థండర్ బే ఉన్నాయి. అక్కడా గుర్తింపు ఉన్న యజమానే కావాలి. చిన్న ఊరి ఆసుపత్రికి నర్సు అవసరం పెద్ద ఊరికన్నా ఎక్కువే ఉంటుంది.

క్రమం విషయానికొస్తే, ఈ వారం ఆమె యూనివర్సిటీకి ట్రాన్‌స్క్రిప్ట్ దరఖాస్తు పెట్టండి. అన్నిటికన్నా నిదానంగా కదిలేది అదే. సీల్ వేసిన కవర్లో యూనివర్సిటీ నుంచే డబ్ల్యూఈఎస్‌కు వెళ్లాలి, మీరు చింపి చూసి మళ్లీ అంటిస్తే చెల్లదు. నర్సింగ్ మండలికీ అదే కాగితం కావాల్సి వస్తుంది కాబట్టి ఒకేసారి రెండు సెట్లకు డబ్బు కట్టండి. ఈసీఏ ఐదేళ్లు చెల్లుతుంది, ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లే. అందుకే డిగ్రీ మదింపు ముందు, ఇంగ్లిష్ పరీక్ష తర్వాత. ట్రాన్‌స్క్రిప్ట్ బయల్దేరిన రోజున ఆమె పరీక్ష తేదీ బుక్ చేయండి. ఆమె చదువుకునే ఆ రెండు నెలలూ బాబును మీరు చూసుకోండి.